జాలికి కొదవ లేదు, చోటుకే కరువు: వైకల్యంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వైకల్యంపై సామాజిక శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలను పరిచయం చేస్తూ గత సంచికలో ప్రచురించిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. శరీరంలోని లోపం ఒకటి, ఆ లోపం ఉన్న మనిషికి చుట్టూ ఉన్న మనుషులు, కట్టడాలు, కట్టుబాట్లు కలిగించే అడ్డంకి మరొకటి అనీ, పరిశోధకులు అర్ధ శతాబ్దంగా ఈ రెండోదాని మీదే ఎక్కువగా దృష్టి పెట్టారనీ ఆ వ్యాసం సారాంశం. వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది, చక్రాల కుర్చీ వాడతాడు. బీకాం పూర్తి చేసి ఇంట్లో కూర్చునే రెండు దుకాణాలకు లెక్కలు రాస్తున్నాడు. మా వీధిలో వాడంటే అందరికీ ఇష్టమే. పండగ వస్తే పిండివంటలు తెచ్చి వాడి చేతిలోనే పెడతారు. పెళ్లి పిలుపులకు వచ్చినప్పుడు మాత్రం ‘బాబుకు ఇబ్బందవుతుందేమో, మీ ఇద్దరూ వస్తే చాలు’ అంటారు. వాళ్లది ప్రేమా, నటనా? — ఒక తల్లి, తెనాలి

జవాబు: ప్రేమే, నటన కాదు. నటనే అయితే ఎదుర్కోవడం తేలిక. సుసాన్ ఫిస్క్, ఏమీ కడీ, పీటర్ గ్లిక్, జున్ షూ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మనం ఏ వర్గం మనుషులనైనా రెండు ప్రశ్నలతో అంచనా వేస్తాం: వీళ్లు మంచివాళ్లా, వీళ్లకు ఏదైనా చేతనవుతుందా? అమెరికాలో వాళ్లు అడిగి చూస్తే, జనం వికలాంగులను, వృద్ధులను ‘మంచివాళ్లే గానీ ఏమీ చేతకాదు’ అనే గడిలో పెట్టారు. ఆ గడిలో ఉన్నవారి పట్ల కలిగే భావం జాలి. 2007లో వీరిలో ముగ్గురు మరో అడుగు వేసి, జాలి కలిగిన చోట రెండు రకాల ప్రవర్తన కలిసే ఉంటుందని చూపించారు. ఎదురుపడితే సాయం చేయడం ఒకటి, ఎదురుపడనప్పుడు లెక్కలోకి తీసుకోకపోవడం రెండోది. పిండివంటలు తెచ్చిన చేతులే శుభలేఖలో మీ అబ్బాయిని వదిలేయడం మీకు వైరుధ్యంగా కనిపించవచ్చు కానీ, ఆ రెండూ ఒకే భావానికి రెండు రూపాలు.

‘బాబుకు ఇబ్బందవుతుందేమో’ అనే మాట గురించి కూడా ఒక పాత ప్రయోగం చెప్పాలి. 1979లో మెల్విన్ స్నైడర్, రాబర్ట్ క్లెక్ బృందం ఒక గదిని అడ్డుగోడతో రెండుగా విడదీసి, రెండు వైపులా ఒక్కో టీవీ పెట్టింది. ఒకవైపు కాలికి క్యాలిపర్ వేసుకున్న మనిషి కూర్చుని ఉంటాడు, మరోవైపు ఏ లోపమూ కనిపించని మనిషి. ఇద్దరి పక్కనా ఖాళీ కుర్చీ ఉంటుంది. సినిమా చూడటానికి వచ్చినవారు ఏ వైపైనా కూర్చోవచ్చు. రెండు టీవీల్లోనూ ఒకే సినిమా నడుస్తోందని చెప్పినప్పుడు సగానికి మించినవారు క్యాలిపర్ ఉన్న మనిషి పక్కనే కూర్చున్నారు. లేకపోతే ఆయన్ను తప్పించుకుంటున్నట్టు తేలిపోతుంది మరి. రెండు వైపులా వేర్వేరు సినిమాలని చెప్పినప్పుడు మాత్రం చాలామంది రెండో వైపుకు వెళ్లిపోయారు. ‘నాకు ఆ సినిమా ఇష్టం’ అని తమకు తాము చెప్పుకునే వీలు దొరికింది. అంటే తప్పించుకోవాలనే కోరిక లోపల ఉన్నా, గౌరవంగా కనిపించే సాకు దొరికే దాకా అది బయటపడదు. మీ వీధివాళ్లకు మీ అబ్బాయి సౌకర్యమే ఆ సాకు.

కాబట్టి వాదించడం కన్నా సాకును ముందే తీసేయడం మంచిది. శుభలేఖ అందుకుంటూనే, ‘మా వాడు కూడా వస్తున్నాడు. హాలు కింది అంతస్తే కదా? భోజనాల దగ్గర చివరి బల్లకు ఒక కుర్చీ తీసేయమనండి, వాడి కుర్చీ అక్కడ సరిపోతుంది’ అని చెప్పండి. ఇబ్బంది అనే పెద్ద మాట అప్పుడు ఒక కుర్చీ పక్కకు జరపడం దగ్గరకు వచ్చేస్తుంది. మరొకటి కూడా చేయండి. మీ అబ్బాయి సంపాదిస్తున్నాడు కనుక చదివింపులు వాడి పేరున విడిగా రాయించండి. పుచ్చుకునేవాడిగానే చూడటం అలవాటైన వీధి, ఇచ్చేవాడిగా కూడా వాడి పేరు పుస్తకంలో చూడాలి.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏటా డిసెంబర్ 3న, అంటే అంతర్జాతీయ వికలాంగుల దినాన, పిల్లల కళ్లకు గంతలు కట్టి నడిపించడం, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తిప్పడం, తర్వాత అనుభవం రాయించడం చేస్తాం. ఒక్క గంటైనా ఆ కష్టం తెలిస్తే వాళ్ల మనసు మారుతుందని నా నమ్మకం. పరిశోధన దీన్ని సమర్థిస్తుందా? — ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: సమర్థించదు. ఐక్యరాజ్యసమితి 1992లో ప్రకటించిన ఈ దినాన్ని మీరు శ్రద్ధగా జరుపుతున్నారు కనుక ఈ మాట చెప్పడానికి మొహమాటంగానే ఉంది. మిషెల్ నారియో రెడ్మండ్, మరి ఇద్దరు పరిశోధకులు 2017లో ఇలాంటి అభ్యాసాల ఫలితాలను కొలిచారు. పాల్గొన్నవారిలో సానుభూతి పెరిగింది, నిజమే. దానితో పాటు గందరగోళం, సిగ్గు, నిస్సహాయత, ‘నాకూ ఇలా అవుతుందేమో’ అనే భయం కూడా పెరిగాయి. వికలాంగులతో కలిసి మెలిసి ఉండటం పట్ల వైఖరి మాత్రం మెరుగుపడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గంతలు కట్టుకున్న పిల్లవాడికి తెలిసేది చూపు పోయిన మొదటి గంట మాత్రమే. పుట్టుకతో చూపు లేని పిల్ల పదేళ్లుగా అలవరచుకున్న నేర్పు, అంటే అడుగుల చప్పుడును బట్టి మనిషిని గుర్తుపట్టడం, చేతి కర్రతో గట్టు అంచు పసిగట్టడం, బ్రెయిలీ వేగంగా చదవడం, ఇవేవీ ఆ గంటలో పట్టుబడవు. వైకల్యమంటే ఆద్యంతం భయమేనన్న పాఠం ఒక్కటే ఆ పిల్లవాడి మనసులో మిగులుతుంది.

పనిచేసేది ఏమిటన్న దాని మీద కూడా కావలసినంత పరిశోధన ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: రెండు వర్గాల మనుషులు ఒకే హోదాలో, ఒకే లక్ష్యం కోసం, చేయీ చేయీ కలిపి, పై అధికారుల ఆమోదంతో పనిచేసినప్పుడే దురభిప్రాయాలు తగ్గుతాయని. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, కలిసి మెలగడం వల్ల వ్యతిరేక భావం సాధారణంగా తగ్గుతుందనీ, ఈ షరతులు ఉన్న చోట ఇంకా బాగా తగ్గుతుందనీ నిర్ధారించారు.

మన బడుల్లో సాధారణంగా లోపించేది మొదటి షరతే. సహిత విద్య కింద, అంటే మిగతా పిల్లలతో కలిసి అదే బడిలో చదవడానికి చేరిన వికలాంగ పిల్లవాడికి ఒక ‘సహాయకుడి’ని అప్పగిస్తాం, సంచి మోయడం, నోట్సు రాసిపెట్టడం, భోజనం తెచ్చివ్వడం ఆ సహాయకుడి పని. అది మంచి పనే కానీ ఒకవైపు నుంచే నడిచే సంబంధం స్నేహం కాలేదు. మేధో వైకల్యం ఉన్నవారి జీవితాలను పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు ఎరిక్ కార్టర్, ఒక సమూహంలో మనిషి తనదైన చోటు పొందడంలో పది అంశాలను గుర్తించాడు. అక్కడ ఉండటం, పిలుపు అందడం, స్వాగతం దొరకడం అందులో తొలి మెట్లు మాత్రమే. స్నేహితులు ఉండటం, తన అవసరం ఇతరులకు ఉండటం ఆ తర్వాత వస్తాయి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం పిల్లలతో, అక్కడి ఐఈఆర్‌పీ (సహిత విద్య రిసోర్స్ పర్సన్)తో మాట్లాడి, ఈసారి డిసెంబర్ 3న సైన్స్ ఫెయిర్ జట్లలోనో గోడపత్రిక సంపాదక వర్గంలోనో వాళ్లను కలపండి. ఎవరి వాటా పని వారికి ఉండాలి, ఆ వాటా రాకపోతే జట్టు పని ఆగిపోవాలి. అటువంటి జట్టులో ఒక పిల్లవాడు సెలవు పెడితే మిగతావాళ్లు ‘వాడేడీ?’ అని వెతుక్కుంటారు. గంతలు మాత్రం ఈసారి వద్దు.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఊరు. నా వయసు నలభై దాటింది, నడుము వంగదు, మెడ తిరగదు. వైకల్యానికి కారణం శరీరం కాదు, సమాజమే అని మీ వ్యాసంలో రాశారు. రాత్రిపూట ఈ నొప్పి సమాజానిదా? మా ఊరికి పిల్లనివ్వడానికి కూడా బయటివాళ్లు వెనకాడతారు. — ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనది, ఈ రంగంలోని పండితులే దాన్ని లేవనెత్తారు కూడా. బ్రిటన్‌లో వికలాంగులే స్థాపించుకున్న ఒక సంఘం 1976లో చేసిన ప్రకటన ఆధారంగా మైక్ ఆలివర్ 1983లో, వైకల్యానికి కారణం సమాజమే అనే ఈ వాదనకు ‘సామాజిక నమూనా’ అనే పేరు వాడుకలోకి తెచ్చాడు. డాక్టర్ల చేతిలో నుంచి ఆ చర్చను బయటికి లాగడానికి అప్పట్లో ఆ మొండి వాదన అవసరమైంది. తర్వాత జెన్నీ మోరిస్, లిజ్ క్రో వంటి వికలాంగ స్త్రీలు, 2006లో టామ్ షేక్‌స్పియర్ అనే సామాజిక శాస్త్రవేత్త, శరీరం పడే బాధను ఈ నమూనా పక్కన పెడుతోందని గట్టిగానే విమర్శించారు. మెట్లకు బదులు ర్యాంపు కట్టినంత మాత్రాన మీ కీళ్ల నొప్పి పోదు.

అయితే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ విషయంలో ఈ రెండింటినీ విడదీయడమే కష్టం. భారతదేశంలో ఈ వ్యాధిని తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో చేసిన పరిశీలనలో. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. కారణం అంత కాలం కిందటే తెలిసి కూడా, తరతరాలు అదే నీరు తాగవలసి రావడం ప్రకృతి ఒక్కదాని పని కాదు. సమాజం చేయని పని మీ ఎముకల్లోకి చేరి నొప్పిగా మారింది. కాబట్టి ఆ నొప్పి మీదే, దానికి బాధ్యత మాత్రం మీ ఒక్కరిది కాదు.

పిల్లనివ్వకపోవడం గురించి: ఒకరి మీద పడిన మచ్చ చుట్టుపక్కలవారికీ అంటుకుంటుందని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ 1963లోనే రాశాడు. ఆయన కుటుంబాలను, స్నేహితులను దృష్టిలో పెట్టుకుని చెప్పాడు. మీ దగ్గర ఊరంతా ఆ లెక్కలోకి వచ్చింది. ఇది మాత్రం అచ్చంగా సమాజం పనే, ఎందుకంటే ఫ్లోరోసిస్ అంటువ్యాధీ కాదు, వంశపారంపర్యమూ కాదు. నీరు మారిన తర్వాత పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఊరి పేరు అడ్డు రావడంలో ఏ హేతువూ లేదు.

ప్రశ్న: వికలాంగుల పట్ల ప్రజల వైఖరి మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. అమెరికాలో తయారైన ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం పథకం జాబితా నుంచి కొందరిని, సాధారణ ప్రజల నుంచి కొందరిని ఎంచుకుని సర్వే చేయాలని ఆలోచన. సలహా ఇవ్వగలరు. — ఒక పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీరు బహుశా హెరాల్డ్ యూకర్ బృందం 1960లో తయారుచేసిన కొలమానాన్ని దృష్టిలో పెట్టుకుని ఉంటారు. అటువంటి ప్రశ్నావళులతో మూడు చిక్కులున్నాయి.

మొదటిది, మనిషి చెప్పేదానికీ చేసేదానికీ ఉన్న దూరం. 1930లలో రిచర్డ్ లాపియర్ ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతటా ప్రయాణించాడు. 250కి పైగా హోటళ్లు, భోజనశాలల్లో ఒక్క చోట మాత్రమే వాళ్లను కాదన్నారు. తర్వాత అవే చోట్లకు ఉత్తరాలు రాసి, చైనీయులను రానిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో నూటికి తొంభై మందికి పైగా రానివ్వమన్నారు. వైకల్యం విషయంలో ఇది తలకిందులవుతుంది. కాగితం మీద అందరూ ఉదారులే, ఇల్లు అద్దెకు ఇవ్వవలసి వచ్చినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అందువల్ల ‘వికలాంగులు ఇతరులతో సమానమా?’ అని అడిగి లాభం లేదు. ఆ ప్రశ్నకు కాదనేవారు మీకు దొరకరు. ఎమరీ బొగార్డస్ 1925లో ప్రవేశపెట్టిన సామాజిక దూరం పద్ధతిని మన జీవితానికి తగ్గట్టు మార్చుకోండి. పక్కింట్లో ఉంటే సరేనా, మీ పై అధికారి అయితే సరేనా, మీ పిల్లలకు ట్యూషన్ చెబితే సరేనా, వియ్యమందుతారా? చివరి ప్రశ్న దగ్గర చాలా కలాలు ఆగిపోతాయని నా అంచనా. అంతేకాదు, ప్రతి ప్రశ్నకూ జంటగా ‘మీ వీధిలో ఎంతమంది ఒప్పుకుంటారనుకుంటున్నారు?’ అని కూడా అడగండి. ‘నలుగురు ఏమనుకుంటారో’ అని తీసుకునే నిర్ణయాలే మన దగ్గర ఎక్కువ కనుక, సొంత అభిప్రాయం కన్నా ఆ నలుగురి గురించిన ఊహే మీకు ఎక్కువ సంగతులు చెప్పవచ్చు.

రెండోది, ‘వికలాంగుడు’ అనగానే జవాబిచ్చే మనిషి మనసులో మెదిలే రూపం. చాలామందికి అది ఊతకర్ర పట్టుకున్న పోలియో మనిషి. 1970లోనే జాన్ ట్రింగో చూపించినట్టు, జనం అన్ని వైకల్యాలనూ ఒకేలా చూడరు. మానసిక అనారోగ్యం, మేధో వైకల్యం ఉన్నవారిని అందరికన్నా దూరంగా ఉంచుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 1995 చట్టంలో అవి ఏడే. అన్నింటినీ ఒకే మాట కింద అడిగితే మీకు వచ్చే సగటు ఎవరిదీ కాదు. ఒక్కో మనిషిని నాలుగు వాక్యాల్లో పరిచయం చేసి, అతని గురించి అడగడం మేలు.

మూడోది సదరం జాబితా. సర్టిఫికెట్ కోసం క్యాంపు దాకా వెళ్లగలిగినవారు, పింఛనుకు కావలసిన నలభై శాతం వైకల్యం ఉన్నట్టు నమోదైనవారు మాత్రమే అందులో ప్రధానంగా కనిపిస్తారు. పెళ్లి సంబంధాలు చెడతాయని కూతురి మానసిక అనారోగ్యాన్ని దాచిపెట్టిన ఇల్లు ఆ జాబితాలో ఉండదు, మీ పరిశోధనకు అత్యవసరమైన ఇల్లు అదే. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన అంచనా ప్రపంచ జనాభాలో 16 శాతం. ఇంత తేడా మనవాళ్లు ఆరోగ్యవంతులు కావడం వల్ల రాలేదు, అడిగిన తీరు వల్ల వచ్చింది. ‘మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?’ అంటే లేరంటారు. అదే వైకల్య గణాంకాల మీద పనిచేసే వాషింగ్టన్ గ్రూప్ రూపొందించిన ఆరు ప్రశ్నల పద్ధతిలో, చూడటం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, సొంత పనులు చేసుకోవడం, తన మాట ఇతరులకు అర్థమయ్యేలా చెప్పడం, వీటిలో ఎంత కష్టముందని అడిగితే లోపలి సంగతి బయటికి వస్తుంది. ఆ పద్ధతిలో వైకల్యం అనే మాటే వాడరు.

కర్మ సిద్ధాంతం గురించి కూడా ఒక మాట. ప్రపంచ బ్యాంకు 2007 నివేదిక కోసం ఉత్తరప్రదేశ్, తమిళనాడుల్లో జరిపిన సర్వేలో దాదాపు సగం మంది వైకల్యాన్ని దేవుడి శాపంగా చెప్పారు. ఇటువంటి అంకె దొరకగానే పరిశోధకులకు పండగ. వెనుకబాటుతనం అనే అధ్యాయం దానంతట అదే రాసుకుపోతుంది. ‘పోయిన జన్మలో ఏ పాపం చేశానో’ అని నిట్టూర్చే తల్లే బిడ్డను భుజాన వేసుకుని వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్తుంది. కారణం గురించి ఆమె చెప్పే మాటను బట్టి ఆమె ప్రవర్తనను ఊహించకండి. రెండింటినీ విడివిడిగా నమోదు చేయండి. ఢిల్లీలో మనస్తత్వ శాస్త్రం బోధించిన, స్వయంగా పోలియో బాధితురాలైన అనితా ఘాయ్ రచనలు తప్పక చదవండి. భారతీయ కుటుంబంలో, ముఖ్యంగా ఆడపిల్ల జీవితంలో, వైకల్యం ఎలా పనిచేస్తుందో పాశ్చాత్య కొలమానాలకు అందని విషయాలు అందులో దొరుకుతాయి. ప్రశ్నావళి తయారయ్యే దశలోనే ఇద్దరు ముగ్గురు వికలాంగులను సలహాదారులుగా కూర్చోబెట్టుకోండి. అంతా అయ్యాక ‘స్పందన’ కోసం పిలిస్తే వాళ్లు మర్యాదకు బాగుందంటారు.

ప్రశ్న: కాలంతో పాటు జనం మనసులు మారుతున్నాయా? — డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: పైకి చెప్పే మాటలు మారుతున్నాయి, లోపలి భావాల సంగతి వేరు. టెస్సా చార్ల్స్‌వర్త్, మహ్జరీన్ బనాజీ 2019లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, 2007 నుంచి 2016 వరకు అమెరికాలో 44 లక్షల పరీక్షల్లో, స్వలింగ సంపర్కుల పట్ల అప్రయత్నంగా కలిగే వ్యతిరేక భావం బాగా తగ్గింది, జాతి, చర్మం రంగు విషయంలో కొంత తగ్గింది. వైకల్యం, వృద్ధాప్యం విషయంలో దాదాపు కదలలేదు. మన దేశానికి అంత పొడవైన లెక్క లేదు. ఒకటి మాత్రం చెప్పవచ్చు: సినిమాల్లో నత్తివాడిని, పొట్టివాడిని, చెవిటివాడిని నవ్వులాటకు వాడుకోవడం మన దగ్గర చాలాకాలంగా ఎవరికీ తప్పనిపించలేదు. 2024 జూలైలో సుప్రీంకోర్టు వికలాంగుల చిత్రణపై మార్గదర్శకాలు ఇస్తూ, వారిని చిన్నబుచ్చే హాస్యానికీ, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యానికీ తేడా చూపింది. ఈ తేడాను రచయితలు ఎంతవరకు పట్టించుకుంటారో చూడాలి.

ప్రశ్న: సమాజం మారితే వైకల్యం ఒక లెక్కలోకి రాదంటారు. వినడానికి బాగుంది. ఎక్కడైనా జరిగిందా? — విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఒక చోట, ఒక్క వైకల్యం విషయంలో, దానికి చాలా దగ్గరగా జరిగింది. అమెరికాలోని మసాచుసెట్స్ తీరానికి దగ్గరలో మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవి ఉంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో వంశపారంపర్యంగా చెవుడు ఉండేది. దీవిలోనే వియ్యాలు అందుకోవడం వల్ల తరతరాలుగా అది కొనసాగింది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా మొత్తం మీద సుమారు 5,700 మందికి ఒకరు పుట్టు చెవిటివారైతే, ఈ దీవిలో 155 మందికి ఒకరు. చిల్‌మార్క్ అనే ఊళ్లో అయితే పాతిక మందికి ఒకరు. నోరా ఎలెన్ గ్రోస్ అనే మానవ శాస్త్రవేత్త దీవిలోని వృద్ధుల జ్ఞాపకాలను సేకరించి 1985లో పుస్తకంగా తెచ్చింది.

ఆమెకు తెలిసిందేమిటంటే, అక్కడ చెవి వినబడేవాళ్లందరికీ సైగల భాష వచ్చు. చిన్నప్పుడే, మాటలతో పాటే నేర్చేసుకునేవారు. చేపల పడవల మీద దూరం నుంచి కేకలు వినబడని చోట వినికిడి ఉన్నవాళ్లు కూడా సైగలతోనే మాట్లాడుకునేవారు. బళ్లో పంతులు వెనక్కి తిరిగినప్పుడు, చర్చిలో ప్రసంగం సాగుతున్నప్పుడు పిల్లలూ పెద్దలూ సైగలతో కబుర్లాడుకునేవారు. చెవిటివాళ్లు ఎక్కువ మంది పెళ్లిళ్లు చేసుకున్నారు, అదీ చాలావరకు వినికిడి ఉన్నవారినే. గ్రోస్ ఒక వృద్ధురాలిని ఇద్దరు పాతకాలపు మనుషుల గురించి అడిగితే, ఇద్దరూ గొప్ప జాలర్లని ఆమె చెప్పింది. వాళ్లు చెవిటివాళ్లు కూడా కదా అని గుర్తుచేస్తే, అవును, ఇప్పుడు మీరంటే గుర్తొస్తోందన్నట్టు మాట్లాడింది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. ఆ మనుషులను ఊరు గుర్తుపెట్టుకున్నది వాళ్ల పనితనంతో.

ఇది ఎవరి దయ వల్లో జరగలేదని గమనించండి. ప్రతి ఇంటికీ ఎవరో ఒక చెవిటి బంధువు ఉండటం, అందరిదీ చేపలు పట్టడం, పొలం పని వంటి ఒకే రకం వృత్తి కావడం, తరతరాల కాలం దొరకడం వల్ల జరిగింది. కొత్త భాష నేర్చుకునే భారం వినికిడి ఉన్నవారి మీద పడటం అక్కడ సహజమైపోయింది. తర్వాత బయటివారితో వియ్యాలు పెరిగి ఆ వరుస తెగిపోయింది. ఆ వంశపారంపర్య చెవుడు ఉన్న చివరి మనిషి 1952లో మరణించింది.

ఇక్కడొక హెచ్చరిక కూడా అవసరం. గ్రోస్ వెళ్లే నాటికి అక్కడి చెవిటివారెవరూ బతికి లేరు, కనుక ఆమె విన్నది వినికిడి ఉన్నవారి కథనం మాత్రమే. ఇలాంటి ఊళ్ల మీద తర్వాత పరిశోధించిన అనెలీస్ కస్టర్స్, తాను కూడా చెవిటి మనిషే, వాటిని స్వర్గాలుగా వర్ణించడాన్ని ప్రశ్నించింది. ఘానాలోని అడమొరోబే గ్రామంలో వినికిడి ఉన్నవారిలో కూడా చాలామంది సైగలు వాడతారు. అదే గ్రామంలో చెవిటివారు చెవిటివారిని పెళ్లాడకూడదని 1975లో గ్రామాధిపతి కట్టుబాటు పెట్టాడు. ఒకే భాష మాట్లాడినంత మాత్రాన సమాన హోదా వచ్చేయదు.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. గేటు నుంచి లిఫ్టుకు వెళ్లే దారిలో నాలుగు మెట్లున్నాయి. ర్యాంపు కట్టిద్దామంటే అసోసియేషన్ అధ్యక్షుడు ‘నాకేం అభ్యంతరం లేదు గానీ మిగతావాళ్లు ఒప్పుకోరు’ అంటున్నారు. ర్యాంపు ఎంత ఉండాలో కూడా చెప్పగలరు. — ఒక కుమార్తె, హైదరాబాద్

జవాబు: ఆ అరవై ఫ్లాట్లలో ఎంతమంది ఇదే మాట అంటున్నారో కనుక్కోండి. ఎవరికి వారు సుముఖంగా ఉండి, మిగతావాళ్లే వ్యతిరేకమని అందరూ అనుకోవడం తరచుగా జరిగేదే. దీనికి పేరు పొందిన ఉదాహరణ వైకల్యానికి సంబంధించింది కాకపోయినా మీకు పనికొస్తుంది. లియొనార్డో బుర్స్టిన్ బృందం సౌదీ అరేబియాలో పెళ్లయిన యువకులను విడివిడిగా అడిగితే, స్త్రీలు బయట ఉద్యోగం చేయడానికి చాలామంది అనుకూలమన్నారు. తమ చుట్టుపక్కల మగవాళ్లు మాత్రం ఒప్పుకోరని వాళ్లే అనుకుంటున్నారు. అసలు లెక్క చూపించిన తర్వాత, భార్యల పేర్లు ఉద్యోగాల కోసం నమోదు చేయించినవారి సంఖ్య పెరిగింది. ఈ పరిశోధన 2020లో ప్రచురితమైంది.

కాబట్టి జనరల్ బాడీ మీటింగులో చేతులెత్తించకండి. అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆదివారం పొద్దున ఒక్కో తలుపు తట్టి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఒప్పుకున్నవారి సంతకం కాగితం మీద తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్న అత్తగార్లు, పసిపిల్లల బండ్లు తోసే తల్లులు ముందు సంతకం పెడతారు. మొత్తం అంకె వచ్చాకే మీటింగు అడగండి.

చట్టం విషయానికొస్తే, ప్రజలు వచ్చిపోయే భవనాల మీద 2016 చట్టం స్పష్టంగా ఉంది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, సదుపాయాల ప్రమాణాలు కేవలం సూచనలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మీ ఊళ్లోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రమే. నివాస సముదాయం విషయంలో చట్టాన్ని ఎంతవరకు ఆశ్రయించవచ్చో న్యాయవాదిని అడగండి. అరవై ఇళ్ల మధ్య రేపూ ఉండవలసినవారు కనుక సంతకాల దారి ముందు ప్రయత్నించమని నా సలహా.

ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. నాలుగు మెట్లంటే సుమారు రెండడుగుల ఎత్తు, దానికి ఇరవై నాలుగు అడుగుల పొడవు కావాలి. అంత చోటు నేరుగా లేకపోతే మధ్యలో చదునైన మలుపు ఇచ్చి వెనక్కి తిప్పవచ్చు. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు, జారని నాపరాయి లేదా గరుకు టైల్స్ వేయించండి. చాలామంది మేస్త్రీలు ఆరడుగుల్లో నిటారుగా ముగించి అదే ర్యాంపు అంటారు. దాని మీద స్కూటరు ఎక్కుతుంది గానీ, చక్రాల కుర్చీలో మనిషిని పెట్టుకుని ఒక్కరు నెట్టలేరు. అందుకే సంతకాల కాగితంతో పాటు కొలతలు వేసిన ప్లాను కూడా జత చేసి అసోసియేషన్‌కు ఇవ్వండి.